గోడలోకి తిప్పిన పేరు

నేను ఒక సున్నపురాయి పలకను. బ్రిటన్‌లో రోమన్ సైన్యం కోట కట్టిన రోజుల్లో నన్ను కొండలోంచి తొలిచి తెచ్చారు. కోట కోసం అక్కడున్న గూడెం తగలబెట్టారు. దానికి శాంతి స్థాపన అని పేరు పెట్టారు. సైనికుల గది ముందు నన్ను గడపగా వేశారు.

కొన్నేళ్ళకు సైన్యం ఉత్తరానికి కదిలింది. కోట నగరమైంది. గదులు కూలాక రెండు వందల ఏళ్ళు మట్టిలో పడి ఉన్నాను. నన్ను పైకి తీసినవాడు సెనిలిస్ అనే రాతిపనివాడు. అతని ఏడేళ్ళ కూతురు అలౌన జ్వరంతో పోయింది. నాలుగు రోజులు కూర్చుని నా మీద ఆ పిల్ల పేరు చెక్కాడు. ఊరి బయట ఆమె సమాధి మీద నన్ను నిలబెట్టాడు.

మూడేళ్ళకు సముద్రం మీంచి దోపిడీమూకలు వస్తున్నాయని తెలిసింది. నగరం చుట్టూ ఉన్న గోడ ఎత్తు పెంచాలి, రాయి లేదు. శ్మశానంలో రాళ్ళు పీకమని నగర పెద్దలు సెనిలిస్‌కే పురమాయించారు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. అతని భార్య వెలోరిగ నన్ను పట్టుకుని కూర్చుంది.

"ఇదొక్కటీ వదిలెయ్యి."

"అందరి పిల్లలవీ పీకాను. మనది ఎలా వదలనే?"

ఆమె చేతులు తీసింది. "పేరు బయటికి కనపడేలా పెట్టు."

"బయటికి పెడితే గొడ్డలి దెబ్బలు దాని మీదే పడతాయి," అన్నాడు సెనిలిస్. పేరును గోడ లోపలికి తిప్పి, తడి సున్నంలో నొక్కాడు.

మూకలు వచ్చి నగరాన్ని ముట్టడించాయి. గోడ చెక్కుచెదరలేదు. నలభయ్యో రోజున ఆకలికి తాళలేని కాపలావాళ్ళే లోపలినుంచి నగరం తలుపు తీశారు. దాన్ని మూయడానికి పరుగెత్తినవాళ్ళలో సెనిలిస్ ఉన్నాడు. ఎవరూ తిరిగి రాలేదు.

తర్వాత వెలోరిగ రోజూ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసేది. "చలేస్తోందా అమ్మా," అనేది. ఒక శీతాకాలం రావడం మానేసింది. ఆపైన ఊళ్ళో ఏ పొయ్యీ వెలగలేదు.

ఇప్పుడు ఈ గోడ చుట్టూ కంచె వేశారు. లోపల రాళ్ళ మీద పేర్లు ఉండవచ్చని చదువుకున్నవాళ్ళు అనుమానిస్తారు. చూడాలంటే గోడ విప్పాలి. ఇక్కడ ఒక్క రాయి కదిలించినా నేరమని చట్టం తెచ్చారు. పదహారు వందల ఏళ్ళు ఆలస్యంగా.