ముఖం వెనుక

మధ్యాహ్నం రెండు దాటినా అరుణజ్యోతి టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఏదో ఉద్యోగ నోటిఫికేషన్ పడింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలంతా తమకూ ముఖాలున్నాయని ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు స్టూడియో మీద పడ్డారు. ఒకడికి వెనక తెల్లగా ఉండాలి, ఒకామెకు రెండు చెవులూ కనపడాలి, ఇంకొకడికి ఫొటో సైజు యాభై కేబీ దాటకూడదు. ఈ గోలలోనే ఒకాయన పాత కెమెరా కార్డు తెచ్చి, కూతురి బారసాల ఫొటోలు ఫోన్‌లోకి ఎక్కించమని కూర్చున్నాడు. ఆ కూతురేమో పక్కన నిలబడి కాలేజీకి ఆలస్యమైందని విసుక్కుంటోంది. కార్డులోంచి కంప్యూటర్‌లోకి, కంప్యూటర్‌లోంచి ఫోన్‌లోకి, పాత ఫోన్‌లోంచి కొత్త ఫోన్‌లోకి ఫొటోలు వంపుతూ అరుణజ్యోతికి ఆరేళ్ళు గడిచిపోయాయి.

గోడ వారగా ఒకామె చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. ఎవరొచ్చినా పక్కకు జరిగి దారి ఇస్తోంది. చేతిలో పాల ప్యాకెట్ కవర్లో చుట్టిన ఫోను.

"చెల్లె, జర గీ అక్కది చూడరాదు. దినాలు ఎల్లుండే. ఫ్రేము కట్టి పెద్ద ఫొటో కావాలె," అన్నాడు ఆమె వెంట వచ్చిన మనిషి. ఎర్ర హెల్మెట్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. తన పేరు మహేందర్ అనీ, అపార్ట్‌మెంట్లలో సెప్టిక్ ట్యాంకులు సాఫ్ చేయించే సూపర్‌వైజర్‌ననీ తనే చెప్పుకున్నాడు. "పైసల సంగతి ఆమెనడగకు. ఖర్చంత మేమే పెట్టుకుంటున్నం."

దినాలు అన్న మాట వినగానే అరుణజ్యోతి చెయ్యి తనంతట తానే మౌస్ మీదకు పోయి ఒక ఫోల్డర్ తెరిచింది. అందులో కోటు ఉంది. నల్ల కోటు, ఎర్ర టై, వెనక నీలి తెర. ఈ స్టూడియోలో పోయిన మగవాళ్ళందరికీ అదే కోటు. ఆటో డ్రైవరుకీ అదే, తాపీమేస్త్రీకీ అదే. ఫోన్‌లోని ఫొటోలోంచి తల వరకు కోసి, వెనక ఉన్నదంతా తీసిపారేసి, కోటు మెడ మీద అతికించాలి. బతికినన్నాళ్ళూ చిరిగిన కాలరుతో తిరిగినవాడు గోడ మీదకెక్కేసరికి బ్యాంకు మేనేజరవుతాడు. ఇంటివాళ్ళకు అదొక మర్యాద. అలా చేయకపోతే వాళ్ళే నొచ్చుకుంటారు.

ఎల్బీ నగర్‌లో అరుణజ్యోతి ఇంటి గోడ మీద నాన్నకు కూడా అదే కోటు. గోపయ్య పండ్ల మార్కెట్లో హమాలీగా పనిచేసి పోయాడు. ఆయన ముఖం కోసింది తనే, పనిలో చేరిన కొత్తలో. అమ్మ దీపం పెట్టినప్పుడల్లా ఆ ఫొటోను ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది. "మీ నాయిన గిట్ల లేకుండె బిడ్డ," అంటుంది. అసలు ఫొటోలో నాన్న వెనక ఏముందో అరుణజ్యోతికి గుర్తు లేదు. లారీ ఉందా, మామిడికాయల బుట్టలున్నాయా, పక్కన ఎవరైనా ఉన్నారా? ఎంత తలుచుకున్నా నీలి తెరే కనిపిస్తుంది. అప్పుడప్పుడు కలలోకి వస్తాడు. మెడ కింద కోటు, వెనక ఏమీ ఉండదు. ఎక్కడి నుంచి వస్తున్నావు నాన్నా అని అడిగితే ఆయన వెనక్కి తిరిగి చూసుకుని, చెప్పలేక నిలబడతాడు.

"పేరేంది అమ్మా ఆయనది?" అని అడిగింది.

"అంతయ్య. మా ఇంటాయన," అంది గోడ వార నిలబడ్డ ఆమె. "నా పేరు అండాలమ్మ," అని అడగకుండానే కలిపింది. ఈ పది రోజుల్లో ఎక్కడికి పోయినా పేరు రాయించుకోవడం అలవాటైనట్టుంది.

"ఎట్లయింది?"

అండాలమ్మ నోరు తెరిచేలోపే మహేందర్ అందుకున్నాడు. "తాగుడు, చెల్లె. ఇంకేముంటది? పొద్దంత కల్లు దుకాణంల కూసొని, చీకటి పడ్డంక బడంగ్‌పేట్‌ల ఎటో పోతా ఓ అపార్ట్‌మెంట్ ట్యాంకుల పడ్డడు. మూత తీసి ఉండె, చూసుకోలె."

"పొద్దుగాల మంచిగనే పోయిండు బిడ్డ. పనికే పోతున్న అన్నడు," అంది అండాలమ్మ నేల వైపు చూస్తూ.

"ఆ దినం పనే లేదని చెప్పిన గద అక్కా. నేనే పెట్టలేదు పని. పోలీసులు గూడ గట్లనే రాసుకున్నరు." మహేందర్ గొంతు మెత్తగా ఉంది, పసిపిల్లకు అన్నం తినిపించేటప్పటి గొంతులాగా. "ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషనోళ్ళు మంచోళ్ళు గాబట్టి దినాలకన్న ఇస్తున్నరు. లేకుంటే తాగి పడ్డోనికి ఎవరిస్తరు?"

అరుణజ్యోతికి విషయం అర్థమైంది. పని చేస్తూ పోయినవాడికైతే జవాబు చెప్పాల్సినవాళ్ళు ఉంటారు, పెళ్ళాం పిల్లలకు పరిహారం ఉంటుంది, కేసు ఉంటుంది. తాగి పడ్డవాడికి ఉండేది జాలి మాత్రమే. అంతయ్య పనికే పోయాడని చెప్పడానికి అండాలమ్మ మాట తప్ప ఇంకేమీ లేదు, ఆ మాటను ఇప్పటివరకు ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

"ఆయన ఫోన్‌ల ఆయన ఫొటో ఒక్కటి గూడ లేదు. నేను మొత్తం చూసిన. ఆధార్ కార్డు మీదిదే పెద్దగ చెయ్యి," అన్నాడు మహేందర్.

ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేస్తే ముఖం ఉండదు, మసి మరక ఉంటుంది. కేబుల్ పెట్టి ఒకసారి చూస్తానంది అరుణజ్యోతి. మహేందర్ కాదనలేదు. అంతయ్య పోయాక మూడు రోజులు ఆ ఫోను అతని దగ్గరే ఉంది. ఏరాల్సిందంతా ఏరేశాననే ధీమా అతనిది. ఆ ధీమాతోనే కుర్చీ లాక్కుని కూర్చుని తన ఫోన్ చూసుకోసాగాడు.

ఫొటోలు ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి దిగాయి. అన్నీ ట్యాంకులే. మూత తీసి, నిండుగా ఉన్న ట్యాంకు ఒకటి. పక్కనే అదే ట్యాంకు ఖాళీగా. మళ్ళీ నిండుది, మళ్ళీ ఖాళీది. మనిషన్నవాడు ఒక్కడు లేడు.

"పని ముంగట ఒకటి, పని అయినంక ఒకటి దియ్యాలె," అని చెప్పింది అండాలమ్మ, తెర వైపు చూడకుండానే. "రెండూ పెట్టకుంటే ఎనిమిది నూర్లు రావని ఈ తమ్ముడే చెప్పిండు. చదువు రాకున్నా ఫొటోలు దీసుడు మంచిగ నేర్సిండు. ఇంట్ల మమ్ముల ఎన్నడు దియ్యలె."

ఫోన్‌లో చెరిపేసిన ఫొటో వెంటనే పోదు. ఓ నెల రోజులు లోపలే ఒక మూల పడి ఉంటుంది. ఫోన్ తెరిస్తే కనపడదు గానీ, కేబుల్ పెట్టి మొత్తం కాపీ చేస్తే మిగతావాటితో పాటు బయటికి వస్తుంది. పొరపాటున పెళ్ళి ఫొటోలు చెరుపుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళ కోసం స్టూడియోలో ఈ పద్ధతి పెట్టుకున్నారు. ట్యాంకుల వరస అయిపోయాక, చివర మసక రంగులో, అన్నిటికంటే కొత్త తేదీతో, అలాంటివి రెండు కనిపించాయి. అరుణజ్యోతి మొదటిది తెరిచింది. నిండుగా ఉన్న ట్యాంకు. రెండోది తెరిచింది.

అంతయ్య తనను తానే తీసుకున్న ఫొటో అది. చెయ్యి చాపి, తల కొంచెం పక్కకు వంచి నవ్వుతున్నాడు. ఒంటి మీద బనియన్, నడుముకు తాడు. ముఖానికి మాస్కు లేదు. వెనక తెరిచిన ట్యాంకు, దాని అవతల అపార్ట్‌మెంట్ గేటు, గేటు మీద పేరు, పొద్దుటి లేత ఎండ. ట్యాంకుకు నాలుగు అడుగుల దూరంలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, చేత్తో లోపలికి దిగమని చూపిస్తూ ఒక మనిషి. అతని చంకలో ఎర్ర హెల్మెట్.

పని ముందు ఫొటో ఉంది. పని తర్వాత ఫొటో లేదు.

మౌస్ ఆగడం చూసి మహేందర్ లేచి వచ్చాడు. తెర చూసి, మళ్ళీ అదే మెత్తని గొంతుతో అన్నాడు. "దొరికిందా? మంచిదాయె. ముఖం మంచిగ ఒచ్చింది. ముఖం ఒక్కటి కొయ్యి, ఎనకదంత తీసెయ్. ఎట్లనో మీరు కోటు ఏస్తరు గద. అయినంక గీ ఫొటో సిస్టంలకెళ్ళి గూడ తీసెయ్యి."

అతను అడిగింది కొత్త పనేమీ కాదు. ఆరేళ్ళుగా ఆమె చేస్తున్నదే. అలవాటైన చెయ్యి కదిలింది. మౌస్ కుడి చెవి దగ్గర మొదలై నుదుటి మీదుగా పాకింది, ఎడమ చెవి కింద నుంచి మెడ దగ్గరకు దిగింది. అంతయ్య భుజం పక్కన ఎర్ర హెల్మెట్ తగిలి ఆగిపోయింది. ఇంకొక్క నొక్కు నొక్కితే నవ్వే ముఖం మిగిలి, మిగతాదంతా నీలి తెర అవుతుంది.

ఇన్నాళ్ళూ ఎన్ని ముఖాల వెనక ఏమేం తీసిపారేశానో అనిపించిందామెకు. కట్టే ఇళ్ళ సారువ కర్రలు, మెషిన్లు, లారీ చక్రాలు, ఎవరెవరి చేతులు. అందరికీ కోటు తొడిగి, ఎవరు ఎక్కడ పోయారో తెలియకుండా గోడలకెక్కించింది. కలలో నాన్న ఎందుకు వెనక్కి తిరిగి చూసుకుంటాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"ఏంటమ్మాయ్, ఏంటాలస్యం? అవతల కుర్రాళ్ళు గోల చేస్తున్నారు," అంటూ యజమాని త్రినాథరావు లోపలి గదిలోంచి వచ్చాడు. రాజమండ్రి నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆయన మాటలో గోదావరి అలాగే ఉంది. తెర చూశాడు, మహేందర్‌ని చూశాడు, హెల్మెట్ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన చెప్పినట్టు కోసిచ్చెయ్యమ్మా. మనది ఫొటో షాపు. రేపు ఎవడో వచ్చి సిస్టమ్ పట్టుకుపోతే మనిద్దరం రోడ్డున పడతాం."

అరుణజ్యోతికి భయం వేసింది. ఆయన అన్నది అబద్ధం కాదు. తన జీతం మీదే ఎల్బీ నగర్ ఇంటి కిరాయి నడుస్తోంది. అయినా ఆమె చేతులు కంప్యూటర్ తెరను పట్టుకుని, నెమ్మదిగా గోడ వైపు తిప్పాయి.

"పెద్దమ్మా, ఒకసారి ఇటు చూడు."

"గామెకెందుకు చూపిస్తున్నవ్?" మహేందర్ గొంతులో మెత్తదనం పోయింది.

అండాలమ్మ చూసింది. ముందు ట్యాంకు చూడలేదు, గేటు చూడలేదు. "నవ్విండు," అంది. దగ్గరకొచ్చి తెర మీద అంతయ్య చెంపకు వేలు ఆనించింది. ఆ వేలు మెల్లగా నడుముకున్న తాడు మీదకు, తాడు నుంచి ట్యాంకు మీదకు, ట్యాంకు నుంచి ఎండ పడ్డ నేల మీదుగా రుమాలు పట్టిన మనిషి దాకా పోయింది. అక్కడ ఆగి, ఆమె తల తిప్పి కౌంటర్ మీదున్న హెల్మెట్‌ను చూసింది.

"చీకట్ల పడ్డడంటివి గద తమ్మీ," అంది. "గీడ ఎండ గొడుతున్నది."

మహేందర్ కేబుల్ పీకి ఫోను జేబులో వేసుకున్నాడు. కానీ ఫోన్‌లో ఉన్నదంతా అప్పటికే ఇవతలికి వచ్చేసింది. "సార్, మీరు పెద్దోళ్ళు, సమజ్ చేసుకోండ్రి. మల్ల పరేషాన్ అయితరు," అన్నాడు త్రినాథరావుతో.

"కోటు ఏసి ఇయ్యనా పెద్దమ్మా?" అని అడిగింది అరుణజ్యోతి.

"ఒద్దు బిడ్డ. ఎన్నడన్న ఏసుకున్నడా కోటు? ఎట్లున్నడో గట్లనే ఇయ్యి. ఆయన ఎనక ఏదీ తియ్యకు. దినాలకు ఒచ్చినోళ్ళంత చూడాలె."

అరుణజ్యోతి కోతకు పెట్టిన గీతను చెరిపేసి, ప్రింట్ నొక్కింది.

"ఆపమ్మా," అన్నాడు త్రినాథరావు.

"ఆపను సార్."

ఆరేళ్ళలో ఆయన మాటకు ఆమె కాదనడం అదే మొదటిసారి. ఆయన మెయిన్ స్విచ్చి దగ్గరకు పోయి వేలు పెట్టాడు. నొక్కలేదు, తీయనూ లేదు. పాస్‌పోర్టు ఫొటోల కోసం వచ్చిన పిల్లలు గోల ఆపి చూస్తున్నారు.

ఆ ప్రింటర్ ఒక్కసారిగా బొమ్మను ఇవ్వదు. కాగితాన్ని రంగుకొకసారి లోపలికి లాక్కుని బయటికి తోస్తుంది. మొదటిసారి పసుపు పచ్చగా, పొగలాంటి ఆకారం వచ్చి వెనక్కి పోయింది. రెండోసారి ఎరుపుతో వచ్చింది. అంతయ్య నవ్వు తెలిసింది, అతని వెనక రుమాలు పట్టుకున్న మనిషి తెలిశాడు, హెల్మెట్ అందరికంటే ముందే తెలిసింది. మహేందర్ కౌంటర్ మీది హెల్మెట్ తీసి వెనక దాచుకున్నాడు.

కాగితం మూడోసారి, ఆఖరి రంగు కోసం లోపలికి పోయింది. త్రినాథరావు వేలు స్విచ్చి మీదే ఉంది. అండాలమ్మ ప్రింటర్ ముందుకు వచ్చి, కొంగు చాపి నిలబడింది.