రెండు బల్లల ఇల్లు

కిషన్‌కు నోరు ఊరుకున్నా చేతులు ఊరుకోవు. అబిడ్స్‌లో పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. అత్తగారి ఫొటో కట్టమని ఇచ్చిన ఓ అల్లుడికి కాళికాదేవి పటం కట్టి, కాగితం చుట్టి పంపాడు. ఇంటికెళ్ళి విప్పేదాకా అల్లుడికి తేడా తెలియలేదట. విప్పాక కూడా కాసేపు తెలియలేదట. ఆ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేవాడు కిషన్.

ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. ముందువాటాలో తను, భార్య జయమ్మ. వెనకవాటాలో కిరాయికి గోపాలరావు, కామాక్షి, వాళ్ళ కూతురు శశికళ. గోపాలరావు ఆంధ్ర గుమాస్తా. యాభైయారులో ఆఫీసులన్నీ హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్ళతోపాటు దిగాడు. కామాక్షిని "చెల్లె" అని, గోపాలరావును "బావా" అని పిలవడం కిషన్‌కు మొదటిరోజు నుంచీ అలవాటు.

డెబ్భై ఒకటి మార్చిలో ఢిల్లీ ఎన్నికలొచ్చాయి. అంతకు రెండేళ్ళ కిందట వేరు రాష్ట్రం కావాలని పట్నంలో రాళ్ళు లేచిన సంగతి ఎవరూ మరచిపోలేదు. గోపాలరావు నడిచొస్తుంటే గల్లీలో మాటలు ఆగిపోయేవి. అతను దాటాక మళ్ళీ మొదలయ్యేవి.

ఓట్లకు ముందురోజు సాయంత్రం కిషన్ వెనకవాటా అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏం బావా, ఎవరికేస్తున్నవ్?"

"అదే తేలడం లేదండీ బావగారూ. రాష్ట్రం ఒక్కటిగా ఉండాలనే ఢిల్లీ పార్టీకి వేస్తే ఈ గల్లీకి కోపం. వేరుపార్టీకి వేస్తే, నన్ను ఊరినుంచి వెళ్ళగొట్టమని నేనే అర్జీ పెట్టుకున్నట్టు."

"గట్లనే ఉన్నది. కూసున్న కొమ్మ నరుక్కోవాల్నా, కొమ్మ మీద చీమలతోటి కుట్టించుకోవాల్నా!"

"అన్నయ్యగారూ, మీ వేళాకోళం తర్వాత," అంది కామాక్షి. "ఆయనకు మూడు పూటలుగా అన్నం దిగడం లేదు. ఓ దారి చెప్పండి."

కిషన్ గొంతు తగ్గించాడు. ఓట్లు వేసే బడి బయట దారికి అటొకటి ఇటొకటి పార్టీల బల్లలుంటాయి. పేరు చెబితే జాబితాలో వెతికి, ఓటరు నంబరు చిట్టీ మీద రాసిస్తారు. చిట్టీ మీద ఆ పార్టీ గుర్తుంటుంది. లోపల వేసే ఓటు గుట్టే. కానీ చిట్టీ ఏ బల్ల దగ్గర తీసుకున్నారో గల్లీ అంతా చూస్తుంది.

"రేపు వేరుపార్టీ బల్ల కాడ నేనే కూసుంటున్న. ఇద్దరు నా తానికే రాండ్రి, చిట్టీ తీస్కోండ్రి. లోపట పర్దా ఎనక ఎవనికి గుద్దుతరో మీకెరుక, దేవునికెరుక. తర్వాత మీరు చెప్పినా నేను నమ్మ!"

గోపాలరావు తలూపాడు. కిషన్ సంబరంగా స్టేషన్ రోడ్డు మీదికి పోయాడు. అక్కడ జెండాలు కడుతున్న రాజమల్లు అడిగాడు.

"మామా, మీ కిరాయిదార్లెటు?"

రాజమల్లు ఆ గల్లీలోనే పెరిగినవాడు. చిన్నప్పుడు కిషన్ చొక్కాకు తోకలు కట్టి పారిపోయేవాడు. ఈ మధ్య నవ్వడం మానేశాడు.

"ఫికర్ జెయ్యకురా. గా రెండోట్లు నా జేబుల వడ్డయ్," అని కిషన్ జేబు మీద చరుచుకున్నాడు.

"చూస్తం," అన్నాడు రాజమల్లు.

ఇంట్లో గోపాలరావు మాత్రం మరో లెక్క వేశాడు. ఆఫీసులో ఇద్దరు ఆఫీసర్లకు పడనప్పుడు ఒకే కాగితానికి రెండు నకళ్ళు తీసి ఇద్దరికీ పంపడం అతని పద్ధతి. అలా పంపితే ఇన్నేళ్ళలో ఎవరూ కోప్పడలేదు. ఇంట్లో ఓట్లు రెండు, బయట బల్లలు రెండు. ఇంకేం కావాలి?

మర్నాడు కామాక్షి పట్టపగలు నేరుగా ఢిల్లీ పార్టీ బల్ల దగ్గరికి వెళ్ళింది. గోపాలరావు నవ్వుతూ కిషన్ బల్ల దగ్గరికి వచ్చాడు. గొప్ప ఉపాయం పన్నానని అతని మొహమే చెబుతోంది.

రెండు బల్లల దగ్గరా తలలు ఒక్కసారే తిరిగాయి.

"ఏం గోపాలరావ్, అటు అమ్ముడుపోయావా?" అని అవతలి బల్ల నుంచి ఎవరో అరిచారు.

ఇవతల రాజమల్లు కిషన్ వైపు తిరిగాడు. "మామా, జేబు చినిగిందా?"

"అరె, మొగుడు పెండ్లాలు ఒక్క కూర తినరు, ఒక్క పార్టీకేస్తరా?" అన్నాడు కిషన్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. రాజమల్లు నవ్వలేదు.

"రెండు బల్లల ఇల్లు," అన్నాడు, ఎవరితోనూ అనకుండానే.

ఆ పేరు మధ్యాహ్నానికల్లా అతుక్కుపోయింది. ఎండ వాలుతుండగా ముక్కూమొహం తెలియని పోరగాళ్ళు కొందరొచ్చి బల్ల దగ్గర చాయ్ తాగారు. "గా రెండు బల్లల ఇల్లు యాడుంది?" అని అడిగాడు ఒకడు. ఎవరో గడ్డంతో గల్లీ వైపు చూపించారు. కిషన్ చెయ్యి కడుక్కొస్తానని లేచి, మూలమలుపు దాటగానే పరుగందుకున్నాడు.

"బావా! చెల్లెను, పోరిని తీస్కొని స్టేషన్‌కు నడు. ఏ బండి ఉంటే గా బండెక్కు!"

గోపాలరావు పడీపడీ నవ్వాడు. "పోయినేడు మంత్రిగారొస్తున్నారని నమ్మించి నా చేత ఆఫీసంతా కడిగించారు. ఇప్పుడు బండెక్కిస్తారా?"

"జయమ్మ మీద ఒట్టు బావా!"

"ఆవిడ మీద నెలకు నాలుగు ఒట్లు వేస్తారుగా," అంది కామాక్షి.

కిషన్ బయటికి ఉరికాడు. వీధి మలుపులో వేపచెట్టు ఉంది. నాలుగు మండలు విరుచుకొచ్చి వాళ్ళ గుమ్మానికి కట్టాడు. ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపాకు కడతారు. ఆ గుమ్మం బయటివాళ్ళు తొక్కరు.

కామాక్షి మొహం ఎర్రబడింది. "నవ్వులాటకైనా హద్దుండాలండీ! నిక్షేపంలాంటి పిల్లను పెట్టుకుని అమ్మవారిని పిలుస్తారా?" అని మండలు లాగి నేలకేసి కొట్టింది.

కిషన్ వంగి మళ్ళీ ఏరబోయాడు. "నీ కాళ్ళు మొక్కుత చెల్లె. ఉండనియ్యి," అన్నాడు.

అప్పుడే స్టేషన్ వైపు నుంచి నినాదాలు వినిపించాయి. దూరంగా మొదలై, గల్లీ మొగలోకి తిరిగాయి. కామాక్షి ఆ వైపు ఓసారి చూసింది. తనే మండలు తీసి కిషన్ చేతిలో పెట్టి, గోపాలరావును లోపలికి లాక్కెళ్ళి గడియ వేసుకుంది.

ముడి బిగించేలోపు గుంపు వచ్చేసింది. ముందు రాజమల్లు, వెనక ఆ తెలియని మొహాలు.

రాజమల్లు వేపమండల్ని చూశాడు. కిషన్‌ను చూశాడు.

"మామా, గిది గూడ తమాషనేనా?"

"పోరికి అమ్మవారు పోసింది," అన్నాడు కిషన్, నవ్వకుండా. "లోపటికి పోయి చూస్కో. నీ ఇంట్ల గూడ పోరగాండ్లున్నరు గద."

రాజమల్లు మెట్టు మీద కాలు పెట్టాడు. లోపల నీళ్ళు చిలకరించిన చప్పుడు. "తల్లీ, చల్లగా చూడవే, నా బిడ్డను వదలవే తల్లీ," అని కామాక్షి గొంతు. ఆ గొంతులో నిజంగానే ఏడుపుంది. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే జరిగారు.

రాజమల్లు కాలు తీశాడు. ఒక ఆకు తెంపి వేళ్ళమధ్య నలిపి వాసన చూశాడు.

"ఇప్పుడే తెంపినట్టున్నరు," అన్నాడు. "అమ్మవారు ఎన్నొద్దులుంటది మామా?"

"ఉంటదిరా... తొమ్మిదొద్దులు."

"మంచిగ చూస్కోండ్రి. ఎల్లినంక వస్తం."

వేపమండలకు భక్తిగా దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గల్లీ ఖాళీ అయ్యాక తలుపు సందులోంచి గోపాలరావు గొంతు వచ్చింది. "బావగారూ, వెళ్ళిపోయారా?"

"ఎల్లిన్రు." కిషన్ మెట్టు మీద కూలబడ్డాడు. "సామాన్ కట్టుకో బావా."

లోపల మంచం కిందినుంచి ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వినిపించింది.