వచ్చే ఒక్కసారికే

ఎదురు కొట్టులో తాళాలు చేసే ఆవిడ జిప్పులమ్మే అతనితో అన్నదట, అతను వచ్చి చెల్లెలి చెవిన వేశాడు. ఆదివారం పూట ఎంబ్రాయిడరీ కొట్టు షట్టరు సగం దించే ఉంటుందని, లోపల మిషను మాత్రం జోరుగా ఆడుతుంటుందని, చెల్లెలికి సెలవిచ్చి అక్క ఒక్కతే ఏం కుడుతోందో దేవుడికే ఎరుకని. తాళాలావిడ ఊరందరి తలుపులకూ తాళాలు చేస్తుంది గానీ తన నోటికి మాత్రం చేసుకోలేకపోయింది. చెల్లెలు నవ్వి ఊరుకుంది.

ఆ కొట్టు అక్కాబావలది. కంప్యూటర్లో గీసిన తీగలనూ ఆకులనూ మిషను గుడ్డ మీద కుట్టిపెడుతుంది. కంప్యూటరు ఒకటే, లోపల కాపురాలు రెండు. బిల్లులు రాసే అక్క సిస్టం ఒకటి, డిజైన్లు గీసే చెల్లెలి సిస్టం ఒకటి. స్విచ్చి వేస్తే రెండింట్లో ఒక్కటే లేస్తుంది. ఏది కావాలో ఎంచుకునే కీ మీద బావ ఎప్పుడో టీ ఒలకబోసి దాని ప్రాణం తీశాడు. అందుకని చెల్లెలు నల్ల తెర తెరిచి కమాండ్లతోనే నెట్టుకొచ్చేది. ఏది ముందు లేవాలి, ఏది తరవాత అన్న వరసను కంప్యూటరు తన బోర్డులో దాచుకుంటుంది. ఆ వరసను కదపకుండా, వచ్చే ఒక్కసారికి మాత్రం ఫలానాది లేవాలని కూడా చెప్పొచ్చు. ఆ ఒక్కసారీ అయిపోతే మళ్ళీ పాత వరసే. ఈ కిటుకు అక్కకు చెల్లెలే నేర్పింది. ఇదేం విద్యే తల్లీ అని మూలుగుతూనే అక్క ఒక్కపూటలో పట్టేసింది.

కిందటి ఎండాకాలంలో చెల్లెలు సొంతంగా కొట్టు పెట్టుకుంటానంది. బస్టాండు వెనక గది కూడా మాట్లాడుకుంది. అక్క సరేనంది. ఆ వారంలోనే చెల్లెలి సిస్టం లేవడం మానేసింది. డిస్కులో ఆ భాగం పాడైందని, మెకానిక్కుకు చూపించానని, ఇక ఆశ వదులుకోమన్నాడని అక్క చెప్పింది. మూడేళ్ళ డిజైన్లు అందులోనే ఉన్నాయి. చెల్లెలు కూలబడి ఏడిస్తే అక్క తన కొంగుతోనే కళ్ళు తుడిచింది. పోయినవి పోయాయి, నువ్వున్నావు కదే అంది. వరస ఏమైందో చూసుకోవడం చెల్లెలికి చేతకాక కాదు. అక్క చూపించానన్నాక తను మళ్ళీ చూడటమంటే అక్క ఒళ్ళు తడిమి సోదా చేసినట్టే అనిపించింది. డిజైన్లు లేనిదానికి కొట్టెందుకు? గది ఇంకెవరికో పోయింది. చెల్లెలు నెలజీతానికి అక్క దగ్గరే ఉండిపోయి, అక్క సిస్టంలోనే మొదటి ఆకు నుంచి మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.

ఆ సోమవారం చెల్లెలే ముందొచ్చి స్విచ్చి వేసింది. తెర మీద తన సిస్టం లేచింది.

చచ్చాడనుకున్న మనిషి గుమ్మంలో నిలబడి మంచినీళ్ళడిగినట్టయింది. పెద్దగా నవ్వేసింది. డిజైన్లన్నీ ఉన్నాయి. వాటి పక్కనే తను చెయ్యనివీ ఉన్నాయి. తన తీగలే, తన ఆకులే, అంచులు కాస్త వెడల్పు చేసి, తనెన్నడూ ఎరగని గిరాకీల పేర్లతో దాచి ఉన్నాయి. వాటి తేదీలు చూసింది. అన్నీ ఆదివారాలే. నవ్వు ఆగిపోయింది.

నల్ల తెర తెరిచి కమాండు కొట్టింది. తన సిస్టం పేరు ఉంది, నంబరూ ఉంది. లేవాల్సిన వరసలో మాత్రం ఆ నంబరు లేదు. పాడవలేదు, ఎవరో పక్కకు తీసి పెట్టారు. నిన్న ఎవరో వచ్చే ఒక్కసారికి అని చెప్పారు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసేలోపే మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. కంప్యూటరు ఆ మాట మరిచిపోలేదు. ఇవాళ తను స్విచ్చి వెయ్యగానే చెల్లించింది. ఆ కమాండు ఈ కొట్టులో తను నేర్పింది ఒక్కరికే.

అక్క టీ ఫ్లాస్కుతో, బావ దారపు కండెలతో వచ్చారు. చెల్లెలు కుర్చీ జరిపి తెర చూపించింది. అక్క ముందు మెకానిక్కును తిట్టింది, పనిరాని వెధవ అని. వాడి కొట్టెక్కడో చెప్పు, నేనే వెళ్ళి అడుగుతానంది చెల్లెలు. అక్క ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయింది. ముందు టీ తాగండి, పోట్లాటకైనా గొంతు తడుండాలిగా అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

"మీకూ తెలుసా బావా?"

బావ కండెకు దారం కొస వెతుకుతున్నాడు. కొస దొరికాక కూడా వెతుకుతూనే ఉన్నాడు.

"ఉండిపోవే అని ఒక్క మాటంటే ఉండేదాన్ని కదక్కా" అంది చెల్లెలు. "నా కళ్ళు తుడిచావే, అప్పుడైనా చెప్పలేకపోయావా?"

అక్క టీ పోసి గ్లాసు చెల్లెలి ముందుకు తోసింది.

"అడిగి ఉంచుకుంటే వాటా అడుగుతావు. అన్నీ పోయాయనుకుంటే జీతానికుంటావు. ఉన్నావుగా."