అర అంగుళం

తిరువూరు బస్టాండు వెనక సందులో దర్జీ రసూల్‌కి గురువు ముందుగా నేర్పింది నోరు అదుపులో పెట్టుకోవడం. కత్తెర ఆ తర్వాతే చేతికిచ్చాడు. కొలత తీసేవాడికి ఎవరి ఒంట్లో ఏ వంకర ఉందో ఇట్టే తెలిసిపోతుంది. ఒక భుజం ఎత్తు, ఒకటి పల్లం. అసలు ఎవరి ఒళ్ళు సమానంగా ఏడ్చింది గనుక! పల్లంగా ఉన్నవైపు లోపల కాస్త దూది పెట్టి కుట్టెయ్యాలి, మాట మాత్రం పైకి రాకూడదు. ముప్పై ఏళ్ళు రసూల్ అలాగే నెట్టుకొచ్చాడు. తీరా నోరు జారింది కన్నకొడుకు దగ్గర.

రంజాన్ చొక్కాకి కొలతలు తీస్తూ, "ఒరే ముబీన్, ఎడం భుజం అర అంగుళం కిందికుందిరా. కావిడి గానీ మోస్తున్నావా ఏంటి?" అని నవ్వాడు.

ముబీన్ నవ్వలేదు. కానిస్టేబుల్ రాతపరీక్ష పాసై దేహదారుఢ్య పరీక్షకి తయారవుతున్నాడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరి అవకాశం. అన్నాళ్ళూ పొద్దున పరుగు, సాయంత్రం జిమ్ము. ఆ రోజు నుంచి పరుగు మానేశాడు. రెండు పూటలా జిమ్ములోనే, అద్దం ముందే. ఎడం చేత్తోనే డంబెల్, ఎడం భుజానికే బరువు. ఇంట్లో అన్నం తింటూ తింటూ లేచి అద్దం చూసుకునేవాడు.

"పరిగెత్తమంటారు గానీ భుజాలు కొలుస్తారట్రా?"

"ఛాతీ కొలుస్తారుగా నాన్నా. వంకరోడని పక్కన పెడితే?"

"అందరికీ అంతేరా పిచ్చోడా!"

"మరి నాకొక్కడికే ఎందుకు చెప్పావు?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా? కొడుకు మొహం పీక్కుపోతుంటే చూడలేక, చొక్కా రెండు భుజాలకీ లోపల గుడ్డ వేసి, ఎడమదాంట్లో మాత్రం దూది పరిచి, చెప్పకుండా కుట్టిచ్చాడు. కుదుటపడి మళ్ళీ పరుగుకి పోతాడనుకున్నాడు, వెర్రి తండ్రి.

చొక్కా తొడుక్కుని ముబీన్ అద్దం ముందు గెంతినంత పని చేశాడు. "సమానమైపోయింది నాన్నా! ఇరవై రోజుల కష్టం!"

రసూల్ కూడా నవ్వాడు. ఫలితం కళ్ళబడ్డాక ఎవడైనా ఆగుతాడా? ముబీన్ ఎడమవైపుకి ఐదు కిలోలు కలిపాడు. నాలుగు రోజులాగి ఇంకో ఐదు. జిమ్ముకీ ఆ చొక్కానే.

పరీక్ష తొమ్మిది రోజులుందనగా భుజం కండరం తెగింది. రసూల్ ఆసుపత్రికి పరిగెత్తేసరికి ముబీన్ మంచమ్మీద పళ్ళు బిగించి పడున్నాడు. ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. ఆరు నెలల దాకా పరుగు మాటే ఎత్తొద్దన్నాడు. చెయ్యి లేవడం లేదని నర్సు గ్లోరి చొక్కా కత్తిరించబోయింది.

"ఆగమ్మా, నేను విప్పుతా. దర్జీనమ్మా నేను" అంటూ రసూల్ అడ్డం పడ్డాడు.

"బాబు నొప్పికి ఆగలేకపోతున్నాడండీ, తప్పుకోండి" అని గ్లోరి కత్తెర ఆడించేసింది. ఎడమ భుజంలోంచి దూది బయటపడింది.

ముబీన్ ఆ దూదిని చూశాడు, తండ్రిని చూశాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది రసూల్‌కి. వాడు తిట్టలేదు.

"అంటే, నేను పది కిలోలు పెంచింది ఈ దూదిని చూసుకునా నాన్నా?"

రసూల్ అవునన్నాడు.