ఎస్తేరంటే ఎవురు?

"ఈ ఎస్తేరు ఎవురక్కా?" అని అడిగాడు ప్రతాప్.

"నేనేనప్పా."

"మరి ఈ తిరుమలమ్మ?"

"ఆమె గూడా నేనే."

తిరుపతి బస్టాండు పక్క సందులో ప్రతాప్‌ది చిన్న కొట్టు. టికెట్లు తీస్తాడు, పాస్‌పోర్టులు రాస్తాడు, వీసాలకు కాగితాలు కడతాడు. కుడిచేతిలో ఆమె పాస్‌పోర్టు, ఎడమచేతిలో సింగపూర్ కంపెనీ పంపిన ఉత్తరం పట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూశాడు. పాస్‌పోర్టులో తిరుమలమ్మ. ఉత్తరంలో మా కార్మికుడు శాంతయ్య భార్య ఎస్తేరు.

పేరు రెండైతే కొంపేం మునిగిందని అనుకుంటాం మనం. మన ఊళ్లల్లో ఒక్క పేరుతో బతికే మనిషిని చూపించండి చూద్దాం! అమ్మ పిలిచేది ఒకటి, బడిలో ఒకటి, వీధిలో ఇంకొకటి. కానీ కాగితానికి ఈ ముచ్చట్లు పట్టవు. దానికి అచ్చులో ఉన్నదే మనిషి.

ఆమెది వడమాలపేట పక్కన పల్లె. వాళ్ల నాయన కొండకు మొక్కుకుంటే పుట్టిందని తిరుమలమ్మ అని పెట్టారు. బడి రిజిస్టరులో అదే, రేషన్ కార్డులో అదే, ఆధార్‌లో అదే. పద్దెనిమిదేళ్లకు శాంతయ్యకిచ్చి చేశారు. శాంతయ్య వాళ్లది చర్చికి పోయే ఇల్లు. పెళ్లికి ముందురోజు పాస్టరు ఆమెను నీళ్లలో ముంచి లేపి ఎస్తేరు అన్నాడు. ఆ రోజు మొదలు ఇరవై నాలుగేళ్లుగా మొగుడికీ వీధికీ, చివరికి కన్నతల్లికి కూడా ఆమె ఎస్తేరే.

కాగితాలు మాత్రం మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఆ వీధిలో పసిపిల్లను అడిగినా తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. మతం మారినట్టు కాగితంలో పడిందంటే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. బిడ్డ చదువూ స్కాలర్‌షిప్పూ రేపటి ఉద్యోగమూ అన్నీ దానిమీదే. అందుకే ఆదివారం ఎస్తేరు, ఆఫీసుల్లో తిరుమలమ్మ. ఇది మోసమనేవాళ్లు అనుకోండి, మీ నోటికి అడ్డమెవరు? ఆ ఇంటికి వీధి మారలేదు, కూలి మారలేదు, ఊళ్లో వాళ్లను చూసే చూపు మారలేదు. మారింది దేవుడొక్కడే.

శాంతయ్య అయిదేళ్లుగా సింగపూర్‌లో ఓడలకు రంగులు కొడుతున్నాడు. చేరేటప్పుడు కంపెనీ ఫారంలో భార్య పేరన్నచోట ఎస్తేరు అని రాసేశాడు. పెళ్లాం పేరు రాయమంటే ఏ మొగుడైనా నోట్లో ఉండే పేరే రాస్తాడు గానీ, ఇంటికి ఫోన్ చేసి నీ ఆధార్‌లో ఏముందే అని అడుగుతాడా?

పోయిన బుధవారం పరంజా మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఆపరేషనైతే చేశారు, తెలివి మాత్రం రాలేదు. అతనితో ఒకే గదిలో ఉండే నగరి పిల్లోడు మునికుమార్ రోజూ ఫోన్ చేసి చెబుతున్నాడు. ఇంటి మనిషిని పిలిపించుకుంటే మంచిదని డాక్టరన్నాడట. ఆ మాటకు అర్థమేమిటో ఎస్తేరుకు ఎవరూ విడమరచి చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ఒక్కసారి ఆయన ముఖం చూడాలి. ఊపిరుండగా చూడాలి. ఆమెకు కావాల్సింది అంతే.

పాస్‌పోర్టు కూడా ఆయన పుణ్యమే. రెండేళ్ల కింద, "నీకు సముద్రం మింద లైట్లు సూపిస్తా, తీయించుకోమే" అని పట్టుబట్టి తీయించాడు.

ప్రతాప్ మంచివాడే. అప్పటికప్పుడు కంపెనీకి మెయిల్ పెట్టాడు. ఇద్దరూ టీ తాగేలోపలే జవాబు వచ్చింది. చదివి, తల గోక్కున్నాడు.

"వాళ్ల రికార్డులో నువ్వు ఎస్తేరువంటక్కా. తిరుమలమ్మ ఎవురో మాకు తెల్దంటా ఉండారు. ఇద్దురూ ఒకటేనని నోటరీ దగ్గిర అఫిడవిట్ రాయించి, మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేసి పంపిస్తే పేరు మార్చి ఇంకో ఉత్తరం ఇస్తారంట. అది వచ్చిన రోజే నేను వీసాకి పెట్టేస్తా. అఫిడవిట్ ఎంతలే, రెండు నిమిషాల పని."

ఆ రెండు నిమిషాల పనే ఎస్తేరుకు కుదరనిది. ఎందుకంటే అలాంటి కాగితం మీద ఆమె పోయిన నెలే ఒక సంతకం పెట్టి వచ్చింది.

కూతురు ధరణి కానిస్టేబుల్‌గా సెలెక్టయింది. అలా రిజల్టు వచ్చిందో లేదో, ఇలా ఆకాశరామన్న అర్జీ ఒకటి పైకి పోయింది. వాళ్లు కిరస్తానీలు, తల్లికి ఇంకో పేరుంది, ఆ పిల్లకు ఎస్సీ కోటా చెల్లదు అని. ఎవరి కడుపుమంటో తెలియదు. అప్పుడు చిత్తూరు కోర్టు దగ్గర లాయరు కృష్ణమూర్తి ఒక కాగితం రాయించి, ఆమెకు చదివి వినిపించాడు. నా పేరు తిరుమలమ్మ. ఈ పేరు తప్ప నాకు వేరే పేరు లేదు. ఇది దైవసాక్షిగా నిజం. ఏ దేవుడి సాక్షిగానో ఆయనా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. సంతకం పెట్టింది. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ల మీదనుంచి లేవలేకపోయింది.

ప్రతాప్‌ను కలిసిన మరుసటి రోజు, మంగళవారం, తల్లీకూతుళ్లిద్దరూ చిత్తూరు బస్సెక్కారు.

కృష్ణమూర్తి అంతా విన్నాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తిరుమలమ్మా, పోయిన నెల నాకు ఇంకో పేరు లేదని రాసిచ్చినావు. ఈ నెల ఇంకో పేరుండాదని రాసిస్తానంటావు. రెండూ ప్రమాణం చేసే కదా? రెంటిలో ఒకటి అబద్ధం. అది బయటపడితే పిల్ల ఉద్యోగం పోయేది అటుంచు, నీమింద కేసు పడతాది."

"ఇంట్లో పిలిచే పేరని రాయి సామీ."

"రాస్తా. జత చేసేదానికి మ్యారేజ్ సర్టిఫికెట్ ఏదీ? చర్చీదే కదా?"

ఆ కాగితం బయటికి తీస్తే కిరస్తానీలమని తామే ఒప్పుకున్నట్టు.

"నాయన్ని సూసిరామ్మా," అంది ధరణి. "ఉద్యోగం పోతే పోనీ. ఇంగోటి రాస్తా."

"నోర్ముయ్!" అని కసిరింది ఎస్తేరు. "మీ నాయన అయిదేండ్లు ఆడ ఎండలో ఏలాడింది దేనికే? నువ్వు ఆ కాకీ గుడ్డలేసుకుంటే సూడాలని. అది పోగొట్టి నేను ఏం మొకం పెట్టుకొని పోయేది ఆయన ముందరికి?"

కృష్ణమూర్తి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనా మనిషే కదా. తరువాత గొంతు తగ్గించి, "శుక్రవారం రెవెన్యూ వాళ్లు మీ ఇంటికి ఎంక్వయిరీకి వస్తా ఉండారు. అది అయిపోనీ. రిపోర్టు పోయినాక, శనివారం పుత్తూరులో ఇంకో నోటరీ దగ్గిర రాయించుకో. నేను చెప్పినానని మాత్రం ఎవురికీ చెప్పొద్దు. మూడు రోజులు ఓపిక పట్టు," అన్నాడు.

మూడు రోజులు! అన్నం సయించకుండా, కళ్లు మూతపడకుండా పట్టిన ఓపిక ఎలా ఉంటుందో పట్టినవాళ్లకే తెలుసు. దానికి తోడు ఆ ఫోను. చెవి దగ్గర వినిపించే స్పీకరు ఎప్పుడో చచ్చింది. ఎవరు చేసినా గట్టిగా, వీధంతా వినిపించేటట్టే మాట్లాడుతుంది. బాగు చేయించాలని ధరణి నెలరోజులుగా అంటూనే ఉంది. దాన్ని ఎస్తేరు చేతిలోంచి దించలేదు. బుధవారం మునికుమార్ అదే మాట చెప్పాడు. గురువారం అదే మాట. ఇంకా తెలివి రాలేదక్కా.

శుక్రవారం పొద్దున యేసు పటాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టారు. ఆ మేకుకే వెంకన్న క్యాలెండరు తగిలించారు. ధరణి తల్లి నుదుట బొట్టు పెట్టింది. అది కాస్త వంకరగా పోయింది. తుడిచి మళ్లీ పెట్టింది.

పదకొండింటికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు జయరావు వచ్చాడు. దుర్మార్గుడేమీ కాదు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు అడిగి తాగి, కుర్చీలో కూర్చుని ఒడిలో కాగితాలు పరుచుకున్నాడు. అరుగు మీద ఇరుగుపొరుగు వచ్చి నిలబడ్డారు. వాళ్లల్లో అర్జీ పెట్టినవాడూ ఉన్నాడేమో, ఎవరికి తెలుసు!

"పేరేమ్మా?"

"తిరుమలమ్మ సార్."

"ఇంకేమన్నా పేరుతో పిలుస్తారా?"

"లేదు సార్."

"ఇంటాయన?"

"సింగపూర్‌లో ఉండాడు సార్. దెబ్బ తగిలి ఆస్పత్రిలో..." అని ఆగిపోయింది. జయరావు పెన్ను ఆపి, "అయ్యో, నాకు తెల్దమ్మా," అన్నాడు. నిజంగానే అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది.

బయటికి పోయి ఎత్తాల్సింది. పెరట్లోకి పోయినా సరిపోయేది. కానీ తొమ్మిది రోజులుగా ఆ మోత కోసమే బతుకుతున్న చెయ్యి, బుద్ధి చెప్పేదాకా ఆగుతుందా? నొక్కేసింది.

"ఎస్తేరక్కా! ఎస్తేరక్కా! అన్న కండ్లు తెరిసినాడు! నిన్నే పిలస్తా ఉండాడు. ఇదో, ఫోను అన్న చెవికాడ పెట్టినా, మాట్లాడక్కా!"

ఇల్లంతా వినపడింది. అరుగు మీదికీ వినపడింది. ఆ వెనకే ఇంకో గొంతు, బొంగురుగా, గాలి ఎక్కువా మాట తక్కువా. "ఎస్తే..." అని ఆగి, మళ్లీ "ఎస్తేరూ..." అంది.

ఆ గొంతు ఎస్తేరుకు తెలియదా! ఇరవై నాలుగేళ్లు విన్న గొంతు.

జయరావు తలెత్తాడు. "ఎస్తేరంటే ఎవురమ్మా?"

ధరణి ముందుకు వచ్చింది. "సార్, ఆమె..." అని నోరు తెరిచింది. కూతురు ఏం చెప్పబోతుందో తల్లికి అర్థమైపోయింది.

"తెల్దు సార్," అంది ఎస్తేరు, కూతురి మాటకు అడ్డంపడి, గట్టిగా. "ఎస్తేరనేవాళ్లు ఈడ ఎవురూ లేరు. రాంగ్ నంబరు."

ఫోను కట్ చేసింది.

జయరావు ఆమె వంకా ఫోను వంకా చూశాడు. ఆయన చెవిటివాడూ కాదు, తెలివితక్కువవాడూ కాదు. కాగితంలో ఏదో రాసుకున్నాడు. ఇంకా పావుగంట కూర్చుని, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించుకుని, "వస్తానమ్మా, ఇంటాయన జాగ్రత్త," అని లేచాడు. పావుగంటంటే ఎంత పొడుగుంటుందో ఆ రోజే తెలిసింది ఆమెకు. పోయాడా అంటే పోలేదు. ఎదురుగా టీకొట్టు దగ్గర బండి ఆపుకుని నలుగురితో మాట్లాడుతూ నిలబడ్డాడు.

ఎస్తేరు లోపలి గదిలోకి పోయి ఫోన్ చేసింది.

"యాలక్కా అట్లన్నావు?" మునికుమార్ ఏడుస్తున్నాడు. "ఎవురూ లేరన్నావే, రాంగ్ నంబరన్నావే! అన్న ఇన్నాడక్కా. ఫోను చెవికాడే ఉన్నింది."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అన్లా. నా దిక్కు సూసినాడు. మళ్లీ కండ్లు మూసుకున్నాడు. ఇప్పుడు డాక్టర్లు వచ్చినారు, ఏందేందో మాట్లాడుకుంటా ఉండారు."

"ఇంగొక్కసారి చెవికాడ పెట్టప్పా. నీకు పున్నెం ఉంటాది."

"పెట్టినా, చెప్పు."

"యోవ్," అంది ఎస్తేరు, గుసగుసగా. "నేను. ఎస్తేరుని."

"గట్టిగా చెప్పక్కా, ఈడ మిషన్ల మోత. నాకే ఇనపల్యా."

కిటికీలోంచి చూసింది. బండి అక్కడే ఉంది. జయరావు టీ ఊదుకుంటున్నాడు, ఒకడు అతని చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతున్నాడు.

మంచం మీది దుప్పటి లాగి, ఫోనుతో సహా నెత్తి మీదుగా కప్పుకుని నేల మీద కూలబడింది. లోపల చీకట్లో, ఊపిరాడని వేడిలో, "యోవ్! నేనే! ఎస్తేరుని! ఎస్తేరునయ్యా!" అని అరిచింది. ధరణి వచ్చి తల్లిని వెనక నుంచి వాటేసుకుంది. మాట బయటికి పోకుండా ఆ దుప్పటి అంచులను రెండు చేతులా నేలకు అదిమి పట్టుకుంది.

"ఇంకా గట్టిగా చెప్పక్కా," అంటున్నాడు మునికుమార్.