నీళ్ల యాప్‌కు సాక్ష్యం

నీళ్ల ట్యాంకర్‌ను ఇకమీదట యాప్‌లోనే బుక్ చేసుకోవాలట. ఆ యాప్ జనానికి అర్థమవుతుందో లేదో చూడటానికి హైదరాబాద్ నుంచి సాగర్ అనే డిజైనర్ మా పల్లెకు వచ్చాడు. మార్కాపురంలో డిగ్రీ చేశాను కదా, సాయానికి నన్ను పెట్టుకున్నాడు.

మనిషి చేతికి ఫోన్ ఇచ్చి, మనం నోరు మూసుకుని, ఎక్కడ తడబడుతున్నారో చూడాలి. కారు దిగకముందు ఆయన చెప్పిన మాటే ఇది. దిగాక ఎండలో ఇల్లిల్లూ తిరగడం బరువైంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ చర్చిలోనే కూర్చోబెట్టి, తన ఫోన్ దూరం నుంచి ఆడించి చూపించి, "ఎలా ఉందో లేచి చెప్పండి" అన్నాడు.

చర్చిలో లేచి మాట్లాడమంటే మావాళ్లకు తెలిసింది సాక్ష్యం ఒక్కటే. జరిగిన మేలు చెప్పి వందనాలు చెప్పాలి. అక్కడ వంకలు పెట్టరు. కూలికి పోయే సుశీలమ్మత్త కొంగు తలమీదికి లాక్కుని లేచింది.

"దేవునికి స్తోత్రం. ఈ యాపు మాకు శానా మేలు చేసింది. నీళ్ల కరువు తీరింది. ఎండలో పడొచ్చిన నాయనకు వందనాలు."

"ఆమెన్" అన్నారందరూ. యాప్ ఇంకా మొదలే కాలేదు! సాగర్ మురిసిపోయి, నవ్వుతున్న అత్తను ఫొటో తీశాడు. నేను ఆయన్ను పక్కకు పిలిచాను.

"సార్, అది సాక్ష్యం. ఆమెకి చదువు రాదు, ఉండేది బటన్ ఫోను. ఒకసారి ఇంటికి పోయి చూడండి."

"యూజర్ మాటే వేదవాక్కు, ఫెబీ" అన్నాడు, దోర్నాల హోటల్‌కు ఫోన్‌లో బిర్యానీ చెబుతూ. ఛీ, ఇదా పరిశోధన!

యాప్ వచ్చింది. డ్రైవర్ నాగయ్యకు ఫోన్ చేసి పిలిచే పాత పద్ధతి పోయింది. ఒక ఫోన్‌కు ఒకే ఇల్లు. నాది మా ఇంటికే సరి. మేమిచ్చే రెండు బిందెలు అత్తకు ఏ మూలకి?

నిన్న ట్యాంకర్ వస్తే బిందెలతో ఎదురు పరుగెత్తింది.

"నీ ఇల్లు ఫోన్లో చూపీలేదక్కా. పోసినానంటే నా పని పోతాది" అని నాగయ్య తల దించుకుని బండి కదిలించాడు.

ట్యాంకర్ మీద ఇంతెత్తు బొమ్మ. నవ్వుతున్న సుశీలమ్మత్త. కింద, 'నీళ్ల కరువు తీరింది.'

"నా బొమ్మేసుకోని తిరుగుతా, నా ఇల్లు తెలీదంటారేందే ఫెబీ?"

ఆ బండి మీద కాండ్రించి ఉమ్మేద్దామనుకున్నాను. ఎక్కడ ఉమ్మను? దాని నిండా అత్త ముఖమే.