కాలరు కుట్టిన చెయ్యి

మా ఆయన వినయం మా చర్చి సంఘంలో పేరుమోసింది. ఎవరు ఏం మెచ్చుకున్నా సరే, రెండు చేతులూ పైకెత్తి "నాదేం లేదండి, మహిమంతా దేవునికే" అంటాడు. మాది దర్జీ కొట్టు. ముందు బల్ల దగ్గర మెడలో టేపు వేసుకుని కొలతలు తీసేదీ, గుడ్డ కత్తిరించేదీ ఆయన. పరదా వెనక కూర్చుని కుట్టేది నేను. పదిహేడేళ్ళలో పరదా మూడుసార్లు మారింది గానీ నా చోటు మారలేదు.

ఈమధ్య మా గాయక బృందానికి ఇరవై రెండు గౌన్లు కుట్టాం. కుట్టాం అనడం అలవాటైపోయింది, కుట్టాను. కాలరు ముడత పడకుండా మెడ చుట్టూ గుండ్రంగా కూర్చోవాలని, ప్రతి కాలరూ మిషన్ మీద కాకుండా చేత్తో మడిచి కుట్టాను. వేళ్ళు పుండ్లయ్యాయి.

బృందం ఆ గౌన్లు వేసుకున్న మొదటి ఆదివారం, ఆడపిల్లల కుట్టు బడి నడిపే పెద్దావిడ ఆరాధనకి వచ్చింది. అయ్యాక ఒక గౌను కాలరు తిప్పి చూసి, తిన్నగా మా ఆయన దగ్గరికొచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"ఈ కాలరు కుట్టిందెవరండీ? మా పిల్లలకి నేర్పడానికి ఇలాంటి చెయ్యి కోసమే వెతుకుతున్నాను."

కిటికీలున్న గది, ఎదురుగా పిల్లలు, నన్ను టీచరమ్మా అని పిలవడం, అన్నీ అప్పుడే ఊహించేసుకున్నాను.

"మనుషులదేముందమ్మా," అన్నాడు మా ఆయన, కళ్ళు మూసుకుని. "ప్రభువే కుట్టించాడు. మహిమ ఆయనకే."

ఈయనే కుట్టి, వినయం కొద్దీ చెప్పుకోవట్లేదనుకుంది ఆవిడ. "మీరు మగవారైపోయారు. మాకు ఆడమనిషి కావాలి," అని నవ్వి వెళ్ళిపోయింది. నేనెందుకు నోరు విప్పలేదంటే, గొప్పలు చెప్పుకోవడం పాపమని చిన్నప్పటినుంచీ నూరిపోశారు మరి.

ఇంటికొచ్చాక అడిగాను. "మా ఆవిడ కుట్టిందని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది?"

"దేవుడికి చెందాల్సిన మహిమ నీకిమ్మంటావా?"

"మహిమ నాకెందుకండీ. ఎవరు కుట్టారని అడిగితే ఎవరు కుట్టారో చెప్పమంటున్నాను."

"నీకు గర్వం తలకెక్కింది. ప్రార్థన చేసుకో."

చేసుకున్నాను కూడా, పిచ్చిదాన్ని. ఆవిడ దగ్గరికి నేనే వెళ్దామని రెండుసార్లు చెప్పులేసుకుని, మళ్ళీ విప్పేశాను.

మూడు వారాలకి, పాట మధ్యలో బృంద నాయకుడు చేతులెత్తగానే చంక కింద కుట్టు పర్రున విడిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆరాధన అయ్యాక ఆవరణలో పదిమంది ముందు ఆ నాయకుడు గౌను తెచ్చి మాకు చూపించాడు. ఈసారి మా ఆయన కళ్ళు మూసుకోలేదు.

"మా ఆవిడ కుట్టిందండి. తొందర మనిషి. నేను సరిచేయిస్తాను."

కుట్టు బడి పెద్దావిడ అక్కడే ఉంది. నా వైపు తిరిగి, "అయితే ఆ కాలర్లు కుట్టింది కూడా నువ్వేనా?" అంది.

"నేనేనండి."

"అయ్యో, ముందే తెలిస్తే ఎంత బాగుండేది. మొన్న సోమవారమే ఒకామెని పెట్టేసుకున్నాం తల్లీ."

తిరిగొస్తుంటే ఇంటి మలుపు దగ్గర మా ఆయన నిట్టూర్చి, "పోనీలే, దేవుని చిత్తం" అన్నాడు.

నడిరోడ్డు మీద ఆగిపోయాను.

"దీన్ని దేవుడి మీదకి నెట్టకండి. ఇది మీరు చేసింది."